సలోమియా పెళ్ళి పీపా

నేను ఒక ఓక్ చెక్క పీపాను. పొట్ట కాస్త ముందుకు వచ్చి ఉంటుంది. మనుషులకైతే అది దిగులు, మాకు అదే అందం. నేను పుట్టింది హంగరీలో. పీపాలు చేసే ఒక ముసలాయన ఓక్ పలకలను ఎండకూ వానకూ వదిలేసి బాగా ఆరనిచ్చాడు. తర్వాత నిప్పు సెగ మీద వంచి, చుట్టూ ఇనప పట్టీలు దిగ్గొట్టి నాకో రూపం ఇచ్చాడు. నా కడుపులో మొదట పోసింది తియ్యటి ద్రాక్ష వైన్. ఆ వైన్‌తోనే నన్ను బండెక్కించి, కార్పాతియన్ కొండలు దాటించి పోలండ్‌కు తెచ్చారు.

పోలండ్ అన్నాను గానీ ఆ రోజుల్లో ఆ పేరుతో దేశమేదీ పటంలో లేదు. చుట్టూ ఉన్న ముగ్గురు చక్రవర్తులు దాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. మేమున్న ముక్క ఆస్ట్రియా వారిది. అయినా ఇళ్ళలో మాట్లాడే భాషనూ, పొయ్యి మీద కాచే వోద్కానూ ఏ చక్రవర్తీ మార్చలేకపోయాడు.

నన్ను కొన్నవాడు ఇగ్నాత్సి. కొండల దిగువన ఓల్షీనా అనే చిన్న ఊరికి దొర. పేరుకు దొరే గానీ పొలం కంటే మీసానిదే పెద్ద విస్తీర్ణం. పాత మేడ, నాలుగు గుర్రాలు, పెరట్లో సారా కాచే ఒక రాగి బట్టీ, ఇవే ఆయన ఐశ్వర్యం. నాలోని వైన్‌ను స్నేహితులతో కలిసి ఆయన ఎంత వేగంగా ఖాళీ చేశాడో చెబితే ఆ ఇంటి మర్యాద పోతుంది.

ఆ శరదృతువులోనే ఆయన భార్య తెక్లా ఆడపిల్లను కన్నది. సలోమియా అని పేరు పెట్టారు.

అక్కడ ఒక ఆచారం ఉంది. బిడ్డ పుట్టగానే తండ్రి మంచి రై ధాన్యపు వోద్కా కాచి, వైన్ పీల్చుకున్న ఓక్ పీపాలో నింపి, మైనంతో మూత వేసి దాస్తాడు. ఆ బిడ్డ పెళ్ళి రోజునే దాన్ని తెరవాలి. ఏళ్ళ తరబడి అలా పండిన వోద్కాను వాళ్ళు 'స్తార్కా' అంటారు. ముసలిది అని అర్థం. అసలు వోద్కా అనే మాటే ముద్దు పేరు. వాళ్ళ భాషలో 'చిన్ని నీళ్ళు' అని. ఒకప్పుడు దాన్ని మందుల దుకాణాల్లో మూలికలు కలిపి, జ్వరానికీ కడుపునొప్పికీ చెంచాలతో ఇచ్చేవారట. తర్వాత జనానికి జబ్బు లేకుండానే మందు వేసుకోవడం అలవాటయింది.

ఆడపిల్లకు అంత మంచి పీపా ఎందుకు, కొడుకు పుట్టేదాకా ఆగరాదా అని ఇరుగుపొరుగు దొరలు నవ్వారు. ఇగ్నాత్సి పట్టించుకోలేదు. తానే చొక్కా చేతులు పైకి మడిచి పనిలోకి దిగాడు. రై అంటే గోధుమకు దాయాదిలాంటి ధాన్యం, చలికి బెదరదు. దాన్ని మర పట్టించి వేడినీళ్ళలో కలిపాడు. మొలకెత్తించిన బార్లీ పొడి చల్లేసరికి ఆ జావ తియ్యబడింది. అందులో ఈస్ట్ వేస్తే రెండు మూడు రోజులు తొట్టెలు బుసబుస పొంగాయి. పులిసిన జావను రాగి బట్టీలో పోసి కట్టెల మంట మీద కాచాడు. ఆవిరి చల్లబడి బొట్లు బొట్లుగా దిగింది. మొదట వచ్చేది ఘాటు, పారబొయ్యాలి. చివర వచ్చేది కంపు, అదీ పనికిరాదు. నడిమి ధారను మాత్రమే పట్టి, దాన్నే రెండోసారి కాచాడు. అప్పుడొచ్చింది నీళ్ళలా తేటగా, నిప్పులా ఉంది. దాన్ని నాలో నింపి, బిరడా కొట్టి, తేనె మైనం పోసి, ఇంటి ముద్ర ఉన్న ఉంగరాన్ని దాని మీద నొక్కాడు. నేలమాళిగలో ఇసుక పరిచి నన్ను పడుకోబెట్టి, నా పొట్ట మీద చెయ్యి వేసి, "పిల్ల పెళ్ళిదాకా ఎవరూ దీన్ని ముట్టుకోకూడదు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు.

ఇక నా పనల్లా కదలకుండా ఉండటమే. ఎండాకాలం నా పలకలు వోద్కాను పీల్చుకునేవి, చలికాలం వదిలేవి. ఏడాదికేడాది దాని ఘాటు తగ్గి, రంగు తేనెలోకి దిగింది. సలోమియా చిన్నప్పుడు గుర్రమెక్కినట్టు నా మీద ఎక్కి ఆడేది. పెద్దయ్యాక బట్టీ దగ్గర తండ్రి పక్కన నిలబడింది. మోకాళ్ళ నొప్పులతో ఇగ్నాత్సి మెట్లు దిగలేని రోజులొచ్చేసరికి బట్టీ మొత్తం ఆమె చేతికి వచ్చింది. ఆవిరి వాసన చూసి ధార ఎప్పుడు మార్చాలో చెప్పేది.

ఆమెకు ఇరవయ్యేళ్ళున్నప్పుడు లుద్విక్ అనే సంపన్నుడు పెళ్ళిచూపులకు వచ్చాడు. ఎత్తయిన ఇనప గొట్టాలతో బంగాళాదుంపల సారా తీసే కార్ఖానా ఉంది అతనికి. నన్ను చూపించగానే మెచ్చుకున్నాడు. పెళ్ళయ్యాక ఈ రాగి బట్టీ తీసేయవచ్చునని, రై కంటే దుంప చవకని, రోజుకు తన గొట్టాల్లో ఒక చెరువంత దిగుతుందని చాలాసేపు చెప్పాడు. సలోమియా అంతా విని, "చెరువు దగ్గర దాహం వేసినవాళ్ళు ఉంటారు, వెళ్ళండి. ఇక్కడ మాకు ఈ ధార చాలు" అంది. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు తక్కువ, నచ్చినవాళ్ళు లేరు. పదేళ్ళు గడిచాయి. ఓల్షీనా దొరగారి పీపాను తెరిచేది ఇక ఎలుకలే అని ఊళ్ళో హాస్యాలాడారు. నాకు బాధగా ఉండేది. మూత తీయని పీపా బతుకు ఏం బతుకు?

ఒక వసంతంలో మంచు కరిగి నేలమాళిగలో చెమ్మ ఊరింది. తుప్పు పట్టిన నా పట్టీ ఒకటి ఫట్టున తెగిపోయింది. రెండు పలకల మధ్య సందు విడి, బొట్లు కారసాగాయి. బీట్‌రూట్ దుంపల కోసం దిగిన తెక్లా వాసన పట్టి కూతుర్ని పిలిచింది. సలోమియా పరుగున వచ్చి అరచేయి సందుకు ఆనించి గట్టిగా నొక్కింది. వెంటనే వేరే పాత్రలోకి వంచేద్దామని తెక్లా తొందరపడింది. పెళ్ళికి ముందు ముద్ర విరిగితే ఆ పిల్లకు ఇక పెళ్ళే కాదని మంచంలోంచి ఇగ్నాత్సి కబురు పంపాడు. చివరికి పక్క ఊరి నుంచి పీపాలు బాగుచేసే ఫ్లోరియన్‌ను పిలిపించారు.

ఫ్లోరియన్‌కు నలభై దగ్గరపడుతున్నాయి. భార్య పోయి చాలా ఏళ్ళయింది. మాటలు తక్కువ. నా చుట్టూ తిరిగి, వేలితో తట్టి చూసి, మూత తీయకుండానే కొత్త పట్టీ బిగించవచ్చునని, అయితే తాను చెప్పేదాకా ఆమె చెయ్యి తీయకూడదని అన్నాడు. ఎండిన జమ్ము ఆకును సందులో దూర్చాడు. పట్టీని కొద్దికొద్దిగా దిగ్గొట్టసాగాడు. గట్టిగా కొడితే పలక చీలుతుంది, మెల్లగా కొడితే పట్టీ దిగదు. మధ్యాహ్నం దాటింది. సలోమియా చెయ్యి తిమ్మిరెక్కినా తీయలేదు.

"ఇంత కష్టపడి కాపాడుతున్నారు, ఇందులో ఏముందండీ?" అని అడిగాడు ఫ్లోరియన్.

"నా పెళ్ళి ఉంది" అంది సలోమియా.

అతను సుత్తి ఆపి ఆమె వైపు చూశాడు. "అయితే ఇంకాస్త జాగ్రత్తగా కొడతాను" అన్నాడు.

సాయంత్రానికి ఒక్క బొట్టు కూడా కారలేదు. అయినా మరుసటి వారం ఫ్లోరియన్ పట్టీ సరిగ్గా ఉందో లేదో చూస్తానని వచ్చాడు. ఆ పై వారమూ వచ్చాడు. ఆ పట్టీ నన్ను ఊపిరాడనంతగా బిగించిందన్న సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు. సలోమియా మాత్రం ప్రతిసారీ దీపం పట్టుకుని, చాలా సందేహం ఉన్నట్టు ముఖం పెట్టి చూపించేది. వేసవి వచ్చేసరికి వాళ్ళిద్దరూ నన్ను చూడటం పూర్తిగా మానేశారు.

సంగతి తెలిసి ఇగ్నాత్సి మండిపడ్డాడు. దొర ఇంటి ముద్రను పీపాలు చేసుకునేవాడి కోసం విరగ్గొట్టనన్నాడు. "విరిగితే ఆయన కోసమే విరగాలి నాన్నా. లేకపోతే అలాగే ఉండనీండి" అంది సలోమియా. చాలా రోజులు ఆ ఇంట్లో చెంచాల చప్పుడు తప్ప భోజనాల దగ్గర మాట వినపడలేదు.

ఒకరోజు ఇగ్నాత్సి కర్ర పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ నా దగ్గరికి దిగాడు. కొత్త పట్టీని వేళ్ళతో తడిమాడు. ఫ్లోరియన్‌ను పిలిపించి, నిండుగా ఉన్న పీపాను మూత తీయకుండా ఎలా బిగించావని అడిగాడు.

"అమ్మాయిగారు చెయ్యి తియ్యలేదండి. తీసుంటే నా వల్ల అయ్యేది కాదు" అన్నాడు ఫ్లోరియన్.

ఇగ్నాత్సి మీసం దువ్వుకున్నాడు. తన గొప్ప చెప్పుకునే వీలున్న చోట కూడా చెప్పుకోని మనిషిని ఆయన అంతకుముందు చూసినట్టు లేదు. కిందికి దిగటానికే చాలా శ్రమ పడ్డానని, పైకి ఎక్కించమని చెయ్యి చాపాడు. ఫ్లోరియన్ ఆ చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం మేడ మీద నుంచి తెక్లా నవ్వు నేలమాళిగదాకా వినపడింది.

కోతలు అయ్యాక పెళ్ళి. గుమ్మం దగ్గర రొట్టె, ఉప్పు పెట్టి జంటను లోపలికి ఆహ్వానించారు. నన్ను ఆరుగురు మోసుకొచ్చి హాలు మధ్యలో నిలబెట్టారు. ఇగ్నాత్సి తన చేత్తోనే మైనం గీకి బిరడా లాగాడు. గది నిండా రొట్టె వాసన, తేనె వాసన, ఓక్ వాసన. మూడో వంతు తగ్గిపోయిందని తెలియగానే అందరూ ఇగ్నాత్సి వైపు చూశారు. తెక్లా మరీ పరీక్షగా చూసింది. ఆయన దేవుడి మీద ఒట్టు వేశాడు. పాపం, ఆ మూడో వంతు నేనూ, గాలీ తాగేశాం. ఆ మాట చెప్పటానికి నాకు నోరు లేదు, గాలికి సిగ్గు లేదు.

అందరూ ఆరోగ్యం కోరుకుంటూ గ్లాసులెత్తారు. ఒక్క గుక్క తాగి, 'చేదు, చేదు' అని కేకలు మొదలుపెట్టారు. ముప్పయ్యేళ్ళు నా కడుపులో పండిన దాన్ని పట్టుకుని చేదంటారా అని నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో ఫ్లోరియన్ సిగ్గుపడుతూ సలోమియాను ముద్దు పెట్టుకున్నాడు. కేకలు ఆగి, చప్పట్లు మోగాయి. కొత్త జంట ముద్దుతో తప్ప ఆ చేదు పోదని అక్కడి వేడుకట. తెల్లవార్లూ చేదు పోలేదు. ఊళ్ళో హాస్యాలాడినవాళ్ళకే మరీ చేదుగా ఉన్నట్టుంది, వాళ్ళే ఎక్కువసార్లు అరిచారు.

పెళ్ళయ్యాక నన్ను హాలులోనే అలంకారంగా ఉంచుదామన్నాడు ఇగ్నాత్సి. ఖాళీగా ఉంచితే పలకలు ఎండి ఊడిపోతాయని ఫ్లోరియన్ చెప్పాడు. దాంతో తెక్లా నన్ను వంటింటి పక్కకు దొర్లించి, పైమూత కోయించి, కడిగి, చలికాలానికి క్యాబేజీ ఊరబెట్టే పీపాగా నియమించింది. మొదట నాకు చిన్నతనంగా అనిపించింది. రాజులు తాగే పానీయాన్ని మోసినదాన్ని, ఉప్పూ ఆకూ మోయటమా అని.

ఏళ్ళు గడిచాయి, ఇప్పుడు ఆ బాధ లేదు. క్యాబేజీ తరుగును తొక్కి అణచాలి, అప్పుడే రసం ఊరుతుంది. ఆ పని సలోమియా కూతురిది. వేడినీళ్ళతో కాళ్ళు శుభ్రంగా కడిగి, వాళ్ళ నాన్న ఆ పిల్లను ఎత్తి నాలోకి దింపుతాడు. అంచు పట్టుకుని, చల్లగా ఉందని ముందు ముడుచుకుపోతుంది. తర్వాత పాట ఎత్తుకుని గెంతటం మొదలుపెడుతుంది. నా పలకలన్నీ ఆ పాటకు మోగుతాయి. ఇక చాలు, దిగమంటే వినదు.

"ఇంకో బుట్ట వెయ్యమ్మా" అంటుంది.

సలోమియా నవ్వుతూ ఇంకో బుట్ట కుమ్మరిస్తుంది.