మధ్యాహ్నం బూడిద

ఆదెమ్మ రేకు తలుపును భుజంతో ఎత్తిపట్టి, వంగి, లోపలి తొట్టెను బయటికి లాగింది. తూర్పు ఇంకా తెల్లబడలేదు. నేల మీద పెట్టిన లాంతరును దగ్గరికి జరుపుకుని చూసింది. ఒక పక్కన మేక పెంటికల్లాంటివి ఐదారు, బొగ్గంత నల్లగా, విడివిడిగా పడి ఉన్నాయి. ఒకదాని మీద సన్నటి నెత్తుటి చార. మూడు రోజులుగా వాటి కోసమే చూస్తోంది. పోనీలే, కదిలింది అనుకుని రేకుముక్కతో అన్నీ తట్టలోకి తోసి, పిడికెడు బూడిద చల్లి, తొట్టెను మళ్ళీ లోపలికి నెట్టింది. లేచేటప్పుడు మోకాలు పట్టేసింది. గోడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

నరసరావుపేటలో కోర్టు వెనక వీధి ఇళ్ళకు వెనకవైపున ఒక సందు ఉంది. ముందు వీధిలో నడిచేవాళ్ళకు ఆ సందు సంగతి గుర్తుండదు. ప్రతి దొడ్డి గోడకూ అడుగున ఒక రేకు తలుపు ఉంటుంది. మున్సిపాలిటీలో పాకీపనికి చేరిన ఇరవై ఆరేళ్ళుగా ఆదెమ్మ తెల్లవారకముందే ఆ తలుపులు ఎత్తుతోంది. ఏ ఇంట్లో ఎవరికి జిగట విరేచనాలు పట్టాయో, ఎవరికి తిన్నది అరగడం లేదో, ఏ ముసలాయనకు రోజులు దగ్గరపడ్డాయో ఆ ఇళ్ళవాళ్ళ కంటే ముందు ఆమెకే తెలిసేది. ఆమెను ఎవరూ అడిగేవారు కాదు. ఆమె చెప్పేదీ కాదు.

ఈ మూడో ఇల్లు కోర్టు గుమాస్తా గోపాలకృష్ణయ్యది. ఆ నల్లటివి ఆయన కోడలు రామలక్ష్మివి. ఆ పిల్లకు తొలి కడుపు, ఏడో నెల. ఒంట్లో నెత్తురు లేదని మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఇనప బిళ్ళలు ఇచ్చింది. కాన్పు దాకా మానకుండా మింగాలంది. మింగడం మొదలుపెట్టిన నాటి నుంచి కడుపు బిగిసిపోయింది.

ఆదెమ్మకు ఇది తెలిసి ఇరవై రోజులైంది. ఒకనాటి తెల్లవారుజామున ఈ తొట్టెలోనే రెండు ఆకుపచ్చ బిళ్ళలు కనిపించాయి. పూత కరిగిన చోట తుప్పు రంగు బూడిదలోకి పాకి ఉంది. ఆ రంగు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. మలుపు దగ్గర నుంచి బండి తోలే యోబు రెండుసార్లు కేకేసేదాకా అక్కడే కూర్చుండిపోయింది. మర్నాడు తలుపెత్తబోతే లోపల ఎవరో పళ్ళు బిగబట్టి మూలుగుతున్నారు. లోపల మనిషి ఉంటే ఆదెమ్మ తప్పుకుని పక్కింటి పని చూసుకుని రావాలి. అది పద్ధతి. ఆ రోజు తప్పుకోలేదు. రేకు తలుపు దగ్గరికి వంగి, బిళ్ళలు పారెయ్యవద్దని చెప్పింది. మూలుగు ఆగిపోయింది. చాలాసేపటికి, అత్తయ్యకు చెప్తావా అని సన్నటి గొంతు అడిగింది.

"నేనెవరికి చెబుతా తల్లీ. నా మాట ఇనేదెవరు."

అప్పటి నుంచి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే, సంగతులు కొద్దికొద్దిగా బయటికి వచ్చాయి. ఆ పిల్ల అందరికంటే చివర తింటుంది. అప్పటికి కూరగిన్నెలో ఆకుకూర అడుగంటిపోయి ఉంటుంది. నీళ్ళు ఎక్కువ తాగితే కాళ్ళకు నీరు దిగుతుందని అత్తగారు సీతారావమ్మ గ్లాసులు లెక్కపెడుతుంది. ఈ బిళ్ళలతో బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని కూడా ఆమె నమ్మకం. చీకటితో మామగారు లేస్తారు. ఆయన లేచేలోపల పని కానిచ్చుకోవాలి. లోపల కూర్చున్న రెండు నిమిషాలకే బయట ఆయన దగ్గు వినిపిస్తుంది. దగ్గు వినగానే వచ్చేది కూడా వెనక్కి పోతుంది. ఇక ఆ రోజుకు అంతే.

ఆముదం తాగనా అని ఆ పిల్ల అడిగింది. కడుపుతో ఉండగా ఆ మాట అనవద్దని ఆదెమ్మ కోప్పడింది. బీరకాయ తరిగినప్పుడు పొట్టు పారెయ్యకుండా పచ్చడి నూరుకోమంది, దానికి ఎవరూ పోటీ రారు. తోటకూర కాడలు ముందే తీసి పులుసులో వేసుకోమంది. నూతి దగ్గర అంట్లు తోమేటప్పుడు చేదలో నీళ్ళే దోసిలితో తాగమంది, అక్కడ గ్లాసులు ఉండవు. కూర్చున్నప్పుడు కాళ్ళ కింద చెరో ఇటుక పెట్టుకోమంది, ముక్కవద్దంది. ఆ పిల్ల అన్నీ చేసింది. కొంచెం మేలనిపించింది. కానీ కావలసింది తీరిక. అది ఆ ఇంట్లో ఎవరూ ఇవ్వలేనిది.

ఆ తీరికను ఆదెమ్మ తెచ్చింది. మధ్యాహ్నం ఆ దొడ్డి వైపు ఎవరూ రారు. పొద్దుటిదంతా ఎండకు ఉడికి, ముక్కు పెట్టలేరు. ఆ వేళకు మగవాళ్ళు కోర్టులో ఉంటారు, సీతారావమ్మ కునుకు తీస్తుంది. ఆదెమ్మ రెండోసారి వచ్చి, తొట్టె ఎత్తి, కడిగి, సత్రం పొయ్యిలో బూడిద తెచ్చి మెత్తగా పరిచి, రేకు మీద రెండుసార్లు గోటితో కొట్టేది. రామలక్ష్మి వచ్చి ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చునేది. ఆదెమ్మ సందులో రాయి మీద కూర్చుని చుట్ట కాల్చుకునేది. లోపలి నుంచి అత్తగారి అడుగుల చప్పుడు వస్తే రేకుముక్కతో నేలను గీకేది. పాకీది పనిలో ఉందంటే సీతారావమ్మ పెరటి గడప దాటదు.

సందులో పదకొండు ఇళ్ళు అయ్యేసరికి తెల్లగా తెల్లవారింది. తట్టను నెత్తిన పెట్టుకుని మలుపు దగ్గరున్న బండి దాకా తొమ్మిదిసార్లు తిరిగింది. యుద్ధం ఆగి ఏడాదైనా మున్సిపాలిటీ కొత్త తట్టలు ఇవ్వలేదు. పాతదాని అడుగు కారుతోంది. తలకు చుట్టుకున్న గుడ్డను మధ్యలో రెండుసార్లు పిండింది. యోబు బండి తోలుకుని ఊరి బయట గోతుల దగ్గరికి పోతే, ఆమె వెనక నడిచి వెళ్ళి దింపించింది. తిరిగి వచ్చి తమ పేటలో కుళాయి దగ్గర అందరూ పట్టుకున్నాక మిగిలిన సన్నటి ధారకింద చేతులూ కాళ్ళూ మట్టితో తోముకుంది. రాత్రి మిగిలిన జొన్నన్నం మజ్జిగలో పిసుక్కుని, ఎండుమిరపకాయ కొరుక్కుంటూ తిన్నది. ఈ వేళకు పేటలో అందరూ ఎక్కడివాళ్ళక్కడ పడి నిద్రపోతారు. ఆమె కూడా వెనక్కి వాలింది. నడుము నేలకు ఆనగానే ఒళ్ళు బరువెక్కింది. ఇవాళ్టికి పోకపోతే ఏమవుతుంది అనిపించింది. ఎలాగూ పొద్దున్న అయింది కదా.

కాసేపటికి లేచి బూడిద బుట్ట అందుకుంది.

బండి నీడలో పడుకున్న యోబు ఒక కన్ను తెరిచాడు. "ఏందొదినా, మళ్ళీ బయల్దేరావా. గుమాస్తా గారింట్లో నీకు పప్పన్నం పెడతన్నారా ఏంది."

"పప్పన్నమే. నువ్వూ రా, ఆకేసి కూకోబెడతా."

యోబు నవ్వుతూ అటు తిరిగి పడుకున్నాడు.

సందులో నేల కాలుతోంది. ఆదెమ్మ తొట్టె కడిగి, బూడిద పరిచి, రేకు మీద రెండుసార్లు కొట్టింది. కాసేపటికి లోపల గాజులు కదిలాయి. పిల్ల కూర్చున్న చప్పుడు, ఊపిరి బిగబట్టి వదిలిన చప్పుడు వినిపించాయి. ఆదెమ్మ చుట్ట వెలిగించుకుని రాయి మీద కూర్చుంది. 

రామలక్ష్మే మొదలుపెట్టింది. ఎల్లుండి ఎనిమిదో నెల పడుతుందట. ఎనిమిదో నెలలో కదిలించరు. రేపు మంగళవారం. అందుకని ఇవాళే పుట్టింటికి తీసుకుపోవడానికి అన్న వస్తున్నాడు. బొగ్గుతో నడిచే మూడింటి బస్సుకు కారంపూడి ప్రయాణం. ఆ సంగతి పొద్దున్నే తెలిసిందట.

మంచిదేనమ్మా, అమ్మ దగ్గరికేగా అంది ఆదెమ్మ.

 తర్వాత ఆ పిల్ల మెల్లగా చెప్పింది. తమ ఇంట్లో దొడ్డి లేదు. ఆడవాళ్ళంతా చీకటితో నాగజెముడు డొంకలోకి కలిసి వెళ్తారు, కలిసి వస్తారు. పురుగూ పుట్రా భయానికి ఒక్కరినీ వదిలి రారు. తను ఒక్కతే లేవకుండా కూర్చుంటే పదిమందీ నిలబడి చూస్తారు, వీధిలో నవ్వుతారు.

"అందుకని అక్కడ బిళ్ళలు మానేస్తాను. రెండు నెలలే కదా ఆదెమ్మా. మానితే ఏమవుతుందిలే."

ఆదెమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. నేల మీద రాసి ఆర్పింది. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట. ప్రార్థనలో కూడా దాన్ని తప్పించుకునే పోయేది.

"మా ఎలిజబెత్తుకీ ఇచ్చారమ్మా ఈ మందు. బిళ్ళలు కాదు, సీసాలో నీళ్ళమందు. పోసుకున్న గిన్నెకి తుప్పు పట్టినట్టుండేది. నాలుగు దినాలు దొడ్డికి రాక ఏడిసింది. నేనే పారెయ్యమన్నా. ఊళ్ళో అందరిదీ ఎత్తేదాన్ని, నా బిడ్డ ఏడుపు చూళ్ళేకపోయా. కాన్పు బానే అయింది. నెత్తురు ఎక్కువేం పోలేదంట, అందరికీ పోయేంతే పోయిందంట. దాని ఒంట్లో ఆ కాస్త కూడా లేదంది డాక్టరమ్మ."



"బిడ్డ?" అని అడిగింది రామలక్ష్మి.

"మూడు దినాలుంది."

ముందువీధిలో జట్కా వచ్చి ఆగింది. గుర్రం మువ్వలు, మగగొంతు. ఆదెమ్మకు చెప్పవలసింది ఇంకా ఉంది. రేకు తలుపుకు నోరు ఆనించి గబగబా చెప్పింది.

"మీ అమ్మతో చెప్పు తల్లీ. నాకు ఆలీసమవుద్ది, అందరూ పోయినా నువ్వు ఆగు అని చెప్పు. సిగ్గుపడమాక. అమ్మ ఆగుద్ది. ఎంతసేపైనా ఆగుద్ది."

పెరటి గుమ్మంలో సీతారావమ్మ కోడలిని పిలిచింది. ఆదెమ్మ రేకుముక్కతో నేలను గీకింది. సీతారావమ్మ గడప మీదే ఆగి, ఈ వేళప్పుడు నువ్వేంది ఇక్కడ అని గోడ మీదుగా అడిగింది. ఎండకి వాసనొత్తందని బూడిద పొయ్యడానికొచ్చానమ్మగారూ అంది ఆదెమ్మ. అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మీ అన్న వచ్చాడు తొందరగా రమ్మని కోడలికి చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

నీళ్ళ చప్పుడు. తలుపు గడియ.  గోడకు ఓరగా తెరిచి ఉన్న పెరటి తలుపులోంచి పసుపు రాసిన మడమలు రెండు, కొంచెం వాచి, బరువుగా ఇంటివైపు పోవడం ఆదెమ్మకు కనిపించింది.

ఆమె రాయి మీద కూర్చునే ఉంది. ఇంట్లో పెట్టెలు జరిగాయి. సీతారావమ్మ జాగ్రత్తలు చెబుతోంది. మువ్వలు మళ్ళీ మోగాక లేచి సందు చివరిదాకా నడిచింది. జట్కా అప్పటికే కోర్టు మలుపులో ఉంది. వెనకవైపు ట్రంకుపెట్టె, దాని మీద చాప చుట్ట. ముఖాలు ముందుకు తిరిగి ఉన్నాయి. అలా తిరిగిన ముఖాల్లో ఆ పిల్లది ఏదో కూడా ఆమెకు తెలియలేదు.

వెనక్కి వచ్చి రేకు తలుపెత్తి తొట్టెను లాగింది. ఇవాళ రెండోసారి అయింది. నల్లగానే ఉంది, పెంటికల్లా కాకుండా ఒకటిగా, మెత్తగా. నెత్తురు లేదు. ఆదెమ్మ బూడిదను రేకుముక్కతో ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా కలియబెట్టి చూసింది. మూలల్లో వేళ్ళతో తడిమింది. బిళ్ళలు లేవు. పారెయ్యదలచుకుంటే ఇక్కడే పారేసేది. ఈ ఇంట్లో ఆ పిల్లకు వేరే చోటు లేదు.

తొట్టెను కడిగి లోపలికి నెట్టి లేచింది. పెరటి తలుపు ఓరగా తెరుచుకునే ఉంది. దొడ్డి గడప దగ్గర ఇత్తడి చెంబు ఒకటి ఉంది. హడావిడిలో వదిలేసి పోయినట్టుంది. కాకి తన్నితే పడిపోతుంది, ఎవరైనా ఎత్తుకుపోతే పేరు తనకే వస్తుంది. తను ముట్టుకుంటే ఆ ఇంట్లో దాన్ని మళ్ళీ వాడరు. చెంబు బయట ఉందమ్మగారూ అని మెల్లగా ఒకసారి చెప్పింది. ఎవరూ రాలేదు. సీతారావమ్మ మళ్ళీ నిద్రపోయి ఉంటుంది.

ఆదెమ్మ ఖాళీ బుట్టను చంకన పెట్టుకుని, మోకాలు పట్టుకుంటూ సందు వెంట వెళ్ళిపోయింది. చెంబు గడప పక్కనే, సగం నీళ్ళతో, ఎండలో ఉంది.