రెండో సీటు

డ్యూటీ దిగి వచ్చిన సూర్యారావు హెల్మెట్ కూడా తియ్యకుండా షెడ్డులో గొంతుక్కూర్చుని, కారు మీద కప్పిన టార్పాలిన్ ముడిని చూస్తున్నాడు. ముడి బిగువుగానే ఉంది. రిగ్గర్లు వేసే ముడే. ఉక్కు దూలాలకు తాడు కట్టి క్రేనుకి తగిలించే పనిలో తలవెంట్రుకలు నెరిసిన మనిషి కనుక అతను అందులో పొరపడడు. కాకపోతే అతను కడితే తాడు కొస కుడివైపుకి వస్తుంది. ఇది ఎడమవైపు ఉంది.

ఎవడో విప్పాడు. మళ్ళీ కట్టాడు.

టార్పాలిన్ ఎత్తి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. ఇంత చలిలోనూ గోరువెచ్చగా ఉంది. తాళం తిప్పి చూస్తే పెట్రోలు ముల్లు మొన్నటికంటే కిందికి దిగింది.

ఎర్రకారు. రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకి జానెడెత్తు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఆఫీసరు దగ్గర కొన్నాడు. టైర్లకి రాయపూర్ తిరగాలని, ఏ సామానూ భిలాయిలో దొరకదని ముందే తెలుసు. తెలియనివి తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. మెకానిక్ మంచి సామాను తీసి నకిలీది వేస్తాడేమోనని గ్యారేజీలో స్టూలు వేసుకుని అతని చేతులకేసి చూస్తూ సెలవులన్నీ గడిపేశాడు. సందులో పిల్లల క్రికెట్ మాన్పించాడు. గతుకుల్లో కారు పొట్ట గీసుకుంటుందని చుట్టాలిళ్ళకి తీసుకెళ్ళడం మానేశాడు. బరువు పడితే స్ప్రింగులు పోతాయని భార్య గౌరీదేవిని పెళ్ళిళ్ళకి ఆటోలో పంపేవాడు.

ఇప్పుడీ ముడి. ఈ పేటలో రిగ్గర్లు ఇద్దరే. రెండోవాడు వెనక వీధిలో అద్దెకుండే గురునాథరావు. మొన్ననే రిటైరయ్యాడు. రెండో తాళం కేలండరు వెనక మేకుకి ఉంటుందని అతనికి తెలుసు. ఇల్లు ఖాళీ చేసి ఈ సాయంత్రం రైలుబండికి బొబ్బిలి వెళ్ళిపోతున్నాడు.

అంతలో అతనే గేటు తీసుకుని వచ్చాడు.

"ఏటిరా సూర్యం, ఇంకా టోపీ తియ్యనేదు? ఇంట్లో కూడా క్రేనుందేటి?" అన్నాడు. సూర్యారావు నవ్వలేదు. "మీ వదిన్ని ఆటోలో తోలేస్తాను. నన్ను నీ బండిలో టేషనుకి దింపీ. ఆ రెండో సీట్లో ఎవుడూ కూకోగా నాను సూడ్నేదు."

"నాను లేనప్పుడు తిప్పుకున్నది సాల్లేదేటి?"

గురునాథరావు వేళాకోళమనుకున్నాడు. సూర్యారావు ముడి చూపించి, ఇది కట్టగలవాడు నువ్వు కాక ఈ పేటలో ఇంకెవడని అడిగాడు.

గురునాథరావు వంగి తాడు కొసని వేలితో తిప్పి చూశాడు. తల ఎత్తేసరికి గుమ్మంలో గౌరీదేవి నిలబడి ఉంది, టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని. ఆ చేతికేసి కాసేపు చూశాడు. ఆమె నోరు తెరవబోయింది.

"నాదేలే," అన్నాడు ఆమెకంటే ముందే. "నానే తిప్పేను. వొళ్ళు జాగర్త."

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

అనుమానం నిజమైనందుకు సూర్యారావుకి ప్రాణం కుదుటపడ్డట్టయింది. స్నానం చేసి, కడుపునిండా తిన్నాడు. కంచం తీస్తూ గౌరీదేవి నెమ్మదిగా అంది.

"అన్నయ్యకి కారు తోలడం రాదు కదండీ."

గురునాథరావు జన్మలో సైకిలు తప్ప తొక్కలేదు. అది సూర్యారావుకి తెలుసు. తెలిసీ గుర్తుకి రాలేదు.

"ఆ ముడి నాది. మీరు కడతంటే చూసి నేర్చుకున్నాను, కొస మీలాగే కుడివైపుకి తిప్పడం ఈవేళ మర్చిపోయేను. పోయిన చలికాలం ఇది స్టార్టవలేదని రెండ్రోజులు మీరు అన్నం ముట్టనేదు. రోజూ కాసేపు ఇంజిను ఆడిస్తే బేటరీ పడిపోదని మెకానిక్ చెప్పేడు. మీరు డ్యూటీకెళ్ళాక ఆడిస్తన్నాను. ముట్టుకోవద్దన్నారు కదా, చెప్పలేకపోయేను. నా ఎడంచేతివాటం చూసి అన్నయ్యకి తెలిసిపోనాది."

ప్రతి ఆదివారం ఒక్క తిప్పుకే ఇంజిను అందుకుంటే, అతను బానెట్ తట్టి కారుని మెచ్చుకునేవాడు.

సిగ్గు అతన్ని చాలాసేపు కుర్చీలోంచి లేవనివ్వలేదు. లేచి టార్పాలిన్ లాగేసరికి వీధిదీపాలు వెలిగాయి. "ఆళ్ళింటిదాకా నువ్వు కూడా ఎక్కు," అన్నాడు. గౌరీదేవి చెప్పులు బయట విప్పబోయి, మళ్ళీ తొడుక్కుని ఎక్కింది.

వెనక వీధికి ఎప్పుడూ నడిచే వెళ్ళేవాడు. గురునాథరావు గేటు ముందు మురిక్కాలవ గట్టు మరీ ఎత్తు, కారు ఎక్కిస్తే పొట్ట గీసుకుంటుంది. ఇప్పుడా గేటుకి తాళం ఉంది. ఎదురింటి పోలమ్మ మెట్టు మీద కూర్చుని మెంతికూర తుంచుతోంది.

"ఎప్పుడో పోనారు భయ్యా. ఈపాటికి బండి కూడా ఎల్లిపోయుంటాది. ఆటోవోడు జల్దీ జల్దీ అని ఒకటే గోల. ఆయనేమో ఎక్కకుండా సందు మొగకేసి సూస్తా నిలబడ్డాడు."

సూర్యారావు దిగి గేటు దాకా వెళ్ళాడు. కాలవ గట్టుకి ఆనించి ఏటవాలుగా చెక్కిన రెండు కొత్త పలకలు ఉన్నాయి, కదలకుండా కింద ఇటుకలు పేర్చి, ఎర్రకారు చక్రాలకి సరిపడా ఎడంగా. వాటి మీద ఇంకా ఒక్క టైరు మరకైనా పడలేదు.