ఐసు గది లేని చేపల షెడ్డు

రెంబాంగ్ రేవులో కొత్తగా చేపల వేలం షెడ్డు కట్టించే బాధ్యత రత్రి మీద పడింది. ప్లాను గీసినది సూర్యనింగ్రాట్ గారు, కాలేజీలో ఆమెకు పాఠాలు చెప్పిన పెద్దాయన. మధ్యలో ఒక్క స్తంభమైనా లేకుండా, అల లేచినట్టు వంపు తిరిగిన పైకప్పు వేశారాయన.

అది చూసి రత్రికి ముచ్చటేసింది, గుబులూ పుట్టింది. ఉన్న నిధులన్నీ ఆ కప్పుకే సరిపోతాయి. తన దగ్గర పనిచేసే ఇంజనీరు లింతాంగ్‌ను పిలిచి, "వేల్యూ ఇంజనీరింగ్ చేసి చూడమ్మా. ఏది ఎందుకు పనికొస్తోందో, అదే పని తక్కువలో ఎలా అవుతుందో తేల్చు" అంది. లింతాంగ్ రేవంతా తిరిగి చేపలమ్మేవాళ్లను అడిగి వచ్చింది. రెండు వరుసల స్తంభాలు వేసినా వేలానికి అడ్డం కాదు, మిగిలినదానితో ఐసు గది కట్టొచ్చు అని తేల్చింది.

మీటింగులో ఆమె ఆ మాట చెబుతుండగానే పెద్దాయన పకపకా నవ్వారు.

"నా కప్పు పీకేసి ఫ్రిజ్ కొంటావా తల్లీ? గోడలు మాత్రం ఎందుకు, అవీ అమ్మేయండి!"

అందరూ నవ్వారు.

"అది కాదు పాక్, చేపకి నీడొక్కటే చాలదు..." అంది లింతాంగ్, అయ్యగారూ అన్నట్టు మర్యాదగా.

"ముందు నాలుగు బిల్డింగులు కట్టి రా. అప్పుడు నీడ సంగతి చెబుదువుగాని."

ఆఫీసు పెద్ద రత్రి వైపు తిరిగాడు. "మీరేమంటారు, బూ?" అన్నాడు, మేడమ్ అని పిలిచినట్టు.

లింతాంగ్ కూడా ఆమెనే చూసింది. గురువు ఎదురుగా రత్రి చూపు తిప్పుకుంది.

"పాక్ డిజైనుకేం తక్కువ? అలాగే కానిద్దాం."

లింతాంగ్ కాగితాలు సర్దుకుని కూర్చుంది. ఆ పని తనకు పురమాయించింది ఎవరో బయటపెట్టలేదు.

షెడ్డు లేచింది. ఐసు గది ఊసే లేదు. ప్రారంభం రోజు జనం కప్పు కింద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. మధ్యాహ్నానికి గంపల్లో చేపలు మెత్తబడ్డాయి. సర్మినా అనే చేపలావిడ ఏరి ఏరి ఒక మంచి చేప తెచ్చి రత్రి చేతిలో పెట్టింది.

"మాకోసం ఇంత అందంగా కట్టించారు, తీసుకోండి బూ. మిగతావి ఎలాగూ ఉప్పేసి ఎండబెట్టుకోవాల్సిందే."

రత్రి తలెత్తలేకపోయింది.

ఆ వారమే ఆమె గురువుగారింటికి వెళ్లి జరిగింది చెప్పింది. లింతాంగ్‌తో ఆ పని చేయించింది తానేనంది.

"మరి ఆ రోజు ఎందుకనలేదు?"

"మీకు కోపమొస్తుందని..."

"వస్తుంది. సాయంత్రం దాకా అరుస్తాను. ఆనక ఇంటికొచ్చి గీత మార్చుకుంటాను. నీకు తెలీదా నా సంగతి?" ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "ఆ పిల్లని నలుగురిలో నవ్వులపాలు చేశాను."

మర్నాడు ఆఫీసులో అందరూ ఉండగానే, ఆ పని పురమాయించింది తానేనని రత్రి ఒప్పుకుంది. లింతాంగ్ తలెత్తకుండానే అంది:

"అది నాకెప్పుడో తెలుసు కదా, బూ. ఆ రోజు వాళ్లకి తెలియాల్సింది."

రత్రికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. షెడ్డు పక్కన ఐసు గదికి పెద్దాయన స్వయంగా ప్లాను గీసి పంపారు. కట్టడానికి నిధులు ఇంకా రాలేదు.