మూడో క్యాసెట్‌లో పనికిరాని పాట

నా బామ్మర్ది కొండల్ నా భార్య గొంతును చెరిపేశాడు. కావాలని కాదంటాడు. చెరిపేశాడన్నది నిజం.

దుబాయిలో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. వాడి దగ్గర ఒక హెవీ మెటల్ బ్యాండ్ క్యాసెట్లు నాలుగుండేవి. శుక్రవారం మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి, ఒక్కొక్కటే పెట్టి నాకు పాఠం చెప్పేవాడు.

"బావా, మొదటిదాంట్ల గిటార్ విను. మొరంల నాగలి దిగినట్టు లేదా? రెండోదాంట్ల నున్నగైంది. మూడోదాంట్ల మళ్ల బరువొచ్చింది. నాలుగోది దోమ రాగం."

"నాకన్నీ రైస్‌మిల్లేరా."

"జర చెవుల గుమిలి తీయించుకో."

విని విని నాకూ తేడా తెలిసింది. కళ్లు మూసుకుంటే ఆ మోతలో చెన్నూరు దగ్గరి గోదావరి ఇసుక మెల్లగా కదిలేది. మూడో క్యాసెట్ రెండోవైపు మొదటి పాట మాత్రం దండగన్నాడు కొండల్. "నిద్రల వాయించిన్రు" అని తీర్పు చెప్పాడు.

తర్వాత వాడు షార్జాలో పని దొరికి పోతూ ఆ మూడోది నాకిచ్చాడు.

నా భార్య బాలలక్ష్మికి రాయడం రాదు. మా ఊళ్ల వాళ్లు క్యాసెట్లలో మాట్లాడి పంపుకునేవారు. నేను మళ్లీ రికార్డయ్యేలా ఆ క్యాసెట్ చిల్లికి కాగితం కుక్కి, దండగ పాట మీద మాట్లాడమని ఊరికి పోయే హనుమండ్లుతో పంపాను.

తిరిగొచ్చింది. పెడితే మొదట ఏమీ లేదు. ఏది చెప్పాలన్నా ముందు చాలాసేపు ఊరుకునే మనిషి ఆమె. తర్వాత అన్నది: "ఇంటున్నవా? బర్రె ఈనింది. అత్త కాలు నయమైంది. గీ డబ్బాతోని మాట్లాడాలంటె సిగ్గయితుంది." ఆమె ఆపిన చోట మిగిలిన పాట లేచేది. ఆమె మాట పొగలా ఆ గిటార్‌లో కలిసిపోయేది. ఏ ఆల్బమ్‌లోనూ గిటార్ అంత మెత్తగా నేను వినలేదు.

మరుసటేడు ఆమె కామెర్లతో పోయింది. మట్టి చేసే వేళకు నేను అందలేదు. ఊరికొచ్చి ఉండిపోయాను. రోజూ మధ్యాహ్నం ఆ క్యాసెట్ వినేవాణ్ని.

తొంభై మూడులో కొండల్ సెలవు మీద వచ్చాడు, రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్‌తో. నేను చెలక నుంచి వచ్చేసరికి మంచం మీద నవ్వుతూ కూర్చున్నాడు.

"బావా, నేను తప్పు చెప్పిన. గా పాట దండగ కాదు. నాలుగింటిల గసొంటి గిటార్ లేదు. నీదాంట్ల ఎవరో తుడిచిన్రు. నేను కొత్తగ కొన్న మూడోదాంట్లకెంచి మళ్ల ఎక్కించిన."

"తుడిచిన్రని ఎట్ల తెలుసు?"

"అర నిమిషం విన్న. ఖాళీ."

"అది మీ అక్కరా."

వాడి నవ్వు ఆగిపోయింది. నేను మీట నొక్కాను. పాట అవతలి ఒడ్డు నుంచి ఎవరో పిలిచినట్టు మెల్లగా వచ్చింది. నాకు తెలిసిన చివరి తునక దాకా విన్నాను. ఆమె ఎక్కడా లేదు. కొండల్ చెప్పింది నిజం. మంచి పాట.

"నాకూ అక్కనే గద బావా" అని ఏడ్చాడు.

"అందుకే అంటున్న. మాట్లాడే ముందు ఊరుకుంటదని నీకు తెల్వదా?"

నేను లేచి అన్నం పెట్టాను. తిన్నాడు. వెళ్లేటప్పుడు గడపలో నిలబడి, "బావా, గా సంగతి..." అన్నాడు. వాడి చెప్పులు చూపించాను. తొడుక్కొని పోయాడు.

వాడడిగినా, ఇంకెవరడిగినా, దీని గురించి నేనిక నోరు విప్పను.