సినిమాలో లేని రొట్టె

పొద్దున్నే పాలు పితికి, పొయ్యిలో బొగ్గు ఎగదోసి, టీకి నీళ్ళు పడేసి, సోనున్ కూతురి స్కూలు కోటు ముందేసుకు కూర్చుంది. వీపు కుట్లు విప్పాలి. కిందటిసారి భుజాల దగ్గర జానెడు విప్పితే సరిపోయింది. ఈసారి నడుం దాకా విప్పక తప్పేట్టు లేదు. మధ్యలో అతకడానికి తన పాత ఉన్ని లంగా ముక్క ఒకటి కోసి పక్కన పెట్టుకుంది.

"దురదగా ఉందమ్మా," అంది జర్కినాయ్, బల్ల మీద తల వాల్చి.

సోనున్ గిన్నెలోంచి గొర్రె తోక కొవ్వు వేలితో తీసి ఈకల మొదళ్ళలో రాసింది. తెల్లటి ఈకలు. పిల్ల ఒళ్ళు విరుచుకుంటే రెక్క కొస గడియారానికి తగులుతోంది. అలా రెండు కప్పులు పగిలాక గిన్నెల బీరువా అవతలి గోడకి జరిపేసింది.

కోటు తొడిగి స్కూలు గుమ్మం దాకా దింపడం, సాయంత్రం తనే వెళ్ళి తీసుకురావడం, వచ్చాక తలుపుకి తాళం వేసి తాళంచెవి మెళ్ళో వేసుకోవడం. జనవరి నుంచి ఇదే వరస.

మొదలైంది కిందటి చలికాలం. ఇసిక్‌కుల్ సరస్సుకి దక్షిణపు ఒడ్డునున్న ఆ ఊరికి రాజధాని నుంచి సినిమావాళ్ళు వచ్చారు. 'చలికాలపు చెల్లెలు' నవలని సినిమాగా తీస్తున్నామన్నారు. హంసగా మారిపోయే కుముష్ అనే పిల్ల కథ. రాసినావిడ సరస్సు అవతలి ఒడ్డున టీచరుగా చేసి, ఎప్పుడో పోయింది. నవల పేరు ఊళ్ళో అందరికీ తెలుసు, చదివినవాళ్ళు తక్కువ. దర్శకుడు స్కూల్లో ఆడపిల్లలందరినీ వరసగా నిలబెట్టి చూసి జర్కినాయ్ దగ్గర ఆగాడు. మెడ పొడుగన్నాడు. సోనున్ సంతకం పెట్టింది. కథ ఎలా ముగుస్తుందని అడగలేదు.

షూటింగ్ ముగిసిన రోజు, అంటించిన ఈకలన్నీ మేకప్ అమ్మాయి వేణ్ణీళ్ళతో ఊడదీసింది. ఒకటి ఊడలేదు. లాగితే రక్తం వచ్చింది. తర్వాత దాని చుట్టూ ఇంకా మొలిచాయి.

ఊరు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వెనకున్నవాళ్ళకి బోర్డు కనపడటం లేదని టీచరు జర్కినాయ్‌ని ఆఖరి బెంచీకి మార్చింది. బస్సు డ్రైవరు ముందు సీటు ఖాళీగా ఉంచడం మొదలుపెట్టాడు. పక్కింటి ఉపెల్ అవ్వ గోడ మీంచి చూసి, ఈకలొస్తే వచ్చాయిలే, కనీసం జలుబు చేయదంది. తన మనవడికి చదువు రావడం లేదని, దానికి ఏ కొవ్వు రాయాలో ఎవరూ చెప్పడం లేదని బాధపడింది.

సోనున్ భయమల్లా మార్చి గురించి. హంసలు నవంబర్లో వచ్చి, నీళ్ళు గడ్డకట్టని ఆ ఒడ్డున చలికాలం గడిపి, కొత్తేడాది పండగ నూరుజ్‌కి అటూ ఇటూగా లేచి ఉత్తరానికి వెళ్ళిపోతాయి. ఫిబ్రవరి అయిపోవస్తోంది. వాటి అరుపులు వినబడినప్పుడల్లా పిల్ల తినే ముద్ద ఆపి కిటికీ వైపు చూస్తోంది.

ఆ ఆదివారం ఊరి క్లబ్బులో సినిమా మళ్ళీ వేశారు. జనం మళ్ళీ వెళ్ళారు. మన కొండలు, మన పిల్ల. సోనున్‌ని ఉపెల్ అవ్వ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆఖరి సీను వచ్చింది. తెర మీద తల్లి కూతుర్ని లోపల పెట్టి తాళం వేసింది. కూతురు కిటికీ బద్దలుకొట్టుకుని ఎగిరిపోయింది. తల్లి గుమ్మంలో కూలబడి ఏడ్చింది. సంగీతం లేచింది. మంచు మీద ఒక ఈక వచ్చి వాలింది. అంతే, కుముష్ ఇక రాదు. క్లబ్బులో అందరూ కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టారు.

అవ్వ కొట్టలేదు. "రొట్టె కొరికించకుండా పంపిందేంటే?" అంది గట్టిగానే. "గొర్రెని సంతకి తోలేటప్పుడైనా గుప్పెడు గడ్డి చూపిస్తాం. ఇదేం తల్లి?"

చుట్టూ నవ్వారు. సోనున్ లేచి బయటికి నడిచింది.

దూరం వెళ్ళే మనిషి తందూరు రొట్టె అంచు కొరికి వెళ్ళాలి. మిగతాది ఇంటివాళ్ళు గోడకి వేలాడదీస్తారు. ఎన్నేళ్ళయినా సరే, ఆ మనిషి వచ్చి దాన్ని ముగించాలి తప్ప ఇంకొకరు ముట్టరు. సోనున్ మొగుడు పని కోసం రష్యా వెళ్ళిన పొద్దున ఆవిడ రొట్టె పట్టుకుని వాకిట్లో నిలబడింది. బయట వ్యాను హారను కొడుతోంది. దారిలో తింటాలే అన్నాడు. మొదట్లో ఫోన్లు వచ్చేవి, తర్వాత అవీ లేవు.

మర్నాడు ఆవిడ దర్శకుడికి ఫోన్ చేసింది. నవల్లో రొట్టె ఉందా అని అడిగింది. ఉందన్నాడు. తీశాం కూడా అక్కా, కానీ బయటివాళ్ళకి అర్థం కాదు, అక్కడ కథ నీరసపడుతోందని కోసేశాం అన్నాడు. సినిమా వేరు, పుస్తకం వేరు అని ఓపిగ్గా చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. సోనున్ సరేనని ఫోన్ పెట్టేసి స్కూలు లైబ్రరీకి వెళ్ళింది.

నవల అట్ట ఊడి ఉంది. సినిమా వచ్చాక ఎవరూ అడగడం లేదని, చూసేశాంగా అంటున్నారని లైబ్రరీ ఆమె చెప్పింది.

సోనున్‌కి చదివే అలవాటు లేదు. వరస కింద వేలు పెట్టుకుని, మధ్యలో ఆవుకి మేత వేసి వచ్చి, మళ్ళీ వేలు పెట్టుకుని చదివింది. చదివేకొద్దీ ఆశ్చర్యం. సినిమాలో మంచురాజుతో యుద్ధం అరగంట నడుస్తుంది. పుస్తకంలో మంచురాజు ఒక్క వాక్యం, అదీ ముసలాళ్ళు చెప్పుకునే మాట. సినిమాలో కుముష్‌ని చూస్తే కళ్ళు తిప్పుకోలేం. పుస్తకంలో కుముష్ అందరితో పోట్లాడుతుంది, కాళ్ళకి పగుళ్ళు, పాలు కాచమంటే పొంగిస్తుంది. సినిమాలో తల్లికి మాటలు నాలుగో ఐదో. పుస్తకంలో సగం కథ తల్లిదే.

ఆ తల్లి తాళం వేయదు. రెక్కలు వచ్చాయని తెలిసిన రోజు నుంచి కూతురికి దారి నేర్పుతుంది. ఏ కొండ వెనక గాలి తిరుగుతుందో, ఏ నీళ్ళు తాగకూడదో, వేటగాళ్ళు ఎక్కడ పొంచి ఉంటారో. ఆఖరి రోజు రొట్టె కొరికిస్తుంది. ఆ తర్వాత పొయ్యి ఆరకుండా చూసుకుంటూ ఎదురుచూస్తుంది. పుస్తకం అక్కడ ఆగిపోతుంది. వచ్చిందో రాలేదో రాయలేదు.

సోనున్ పుస్తకం మూసింది. మెళ్ళోంచి తాళంచెవి తీసి చూసుకుంది. సినిమావాళ్ళు పిల్ల కథ మార్చలేదు. పిల్ల రెండింట్లోనూ వెళ్తుంది. వాళ్ళు తల్లిని మార్చారు. ఆ మార్చిన తల్లి లాగే తను రెండు నెలల నుంచి బతుకుతోంది.

ఆవిడ తాళం, చెవి రెండూ తీసుకెళ్ళి బావిలో పడేసింది.

సాయంత్రాలు కూతురికి చదివి వినిపించడం మొదలుపెట్టింది. జర్కినాయ్ ఈకలు ముక్కుతో సవరించుకుంటూ సగం వింటుంది, సగం వినదు. ప్రతి పేజీకి తగువే.

"సినిమాలోనే బాగుంది," అనేది.

"ఎందుకని?"

"అందులో నేనున్నా."

 సోనున్‌కి నవ్వొచ్చింది. మళ్ళీ వేలు పెట్టి చదివింది. పుస్తకంలో ఉన్న కొండలన్నీ ఉత్తరాన నిజంగా ఉన్నవే. స్కూలు గోడకున్న పటం అడిగి తెచ్చి బల్ల మీద పరిచింది. ఇద్దరూ దాని మీదికి వంగి దారి వెతికేవారు. ఏ సరస్సులో రెల్లు దట్టమో, రైలు పట్టాలు ఎటు పోతాయో. పిల్ల పటం చూసినంత శ్రద్ధగా లెక్కల పుస్తకం ఏనాడూ చూడలేదు.

రొట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొండికేసింది. కొరకనంది.

"ఒకసారి కొరికాను. షూటింగులో. అది రొట్టె కాదు, రంగేసిన స్పాంజి. నోరంతా చేదు. పైగా అది కోసేశారు."

"ఇది ఇంట్లో రొట్టె."

"కొరికితే తిరిగి రావాలి కదా."

సోనున్ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పొయ్యిలో బొగ్గు సర్దింది. "రావాలనిపించకపోతే కొరకొద్దు," అంది చివరికి. "కానీ నేను చేస్తాను. చేయడం నా పని."

అన్నదే గానీ రోజులు లెక్కపెడుతూనే ఉంది. పిల్ల మెడ రోజురోజుకీ సాగుతోంది. గొంతు బొంగురుపోయి ఒక్కోసారి మాట బదులు వేరే శబ్దం వస్తోంది. పెదవులు గట్టిపడుతున్నాయి. ఇంకొన్నాళ్ళు పోతే కొరకడానికి పళ్ళుండవు.

ఉపెల్ అవ్వ రోజూ వచ్చి నోరు తెరిపించి చూసేది, గుర్రాన్ని బేరమాడేవాడిలా. ఇంకా ఉన్నాయి, ఇంకా ఉన్నాయి అని చెప్పి టీ తాగి పోయేది.

నూరుజ్ పొద్దున ఊరంతా పండగ పాయసం వాసన. సోనున్ తందూరు వెలిగించి పిండి ముద్ద తట్టి లోపలి గోడకి కొట్టింది. చెయ్యి కాలింది, చూసుకోలేదు. సరస్సు మీద హంసలు గుంపుగా చేరి ఒకటే గోల పెడుతున్నాయి. రెండు మూడు అప్పుడే లేచి ఒక చుట్టు తిరిగి మళ్ళీ దిగాయి.

జర్కినాయ్ వాకిట్లోకి వచ్చింది. కోటు వేసుకోలేదు, దాని అవసరం లేదు. తలుపు బార్లా తెరిచే ఉంది. గోడ అవతల అవ్వ, ఆవిడ మనవడు, ఇంకో నలుగురు, పండగ బట్టల్లో.

సోనున్ వేడి రొట్టె తెచ్చి కూతురి ముందు పట్టుకుంది. తినమనలేదు, బతిమాలలేదు. చేతులు మాత్రం కదలనివ్వలేదు.

పిల్ల రొట్టె వంక చూసింది. సరస్సు వంక చూసింది. వంగి అంచు కొరికింది. చిన్న కాటు, కానీ కాటే. నెమ్మదిగా నమిలి మింగింది. అవ్వ గోడ మీద చెయ్యి చరిచింది.

సోనున్ రొట్టె గుడ్డలో చుట్టబోతుంటే జర్కినాయ్ రెక్క అడ్డం పెట్టింది.

"నువ్వూ కొరుకు," అంది బొంగురు గొంతుతో.

"నేనెందుకే? ఉండేదాన్ని."

"సినిమాలో అమ్మ ఏడుస్తూ కూర్చుంటుంది. పుస్తకంలో అమ్మ ఎదురుచూస్తూ కూర్చుంటుంది." మాటలు కష్టంగా వస్తున్నాయి, అయినా ఆపలేదు. "నాకు ఆ ఇద్దరూ నచ్చలేదు."

సోనున్ ఇంటి వైపు చూసింది. ఈ ఒడ్డు దాటి ఆవిడ ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఆవు ఉంది, పొయ్యి ఉంది, పైకప్పు ఒక మూల కారుతోంది. పిల్ల రెక్క తియ్యలేదు.

"ఆవుని నేను చూస్తాలే," అంది గోడ మీంచి ఉపెల్ అవ్వ. "పాలు మాత్రం నావి. కానీ త్వరగా, అవి లేస్తున్నాయి."

సోనున్ రొట్టె రెండో వైపు కొరికింది. పెద్ద కాటు. నోరు కాలింది.

జర్కినాయ్ వాకిలి దాటి, ఎండిన గడ్డి మీద నాలుగడుగులు పరిగెత్తి లేచింది. మొదట్లో కాస్త తడబడింది. తర్వాత సర్దుకుంది. గుంపు ఆమెని మధ్యలోకి తీసుకుని ఉత్తరానికి తిరిగింది. గుమ్మంలో ఎవరూ కూలబడలేదు. సోనున్ అప్పటికే లోపల సంచీలో చలిబట్టలు కుక్కుతోంది. పటం మడిచి పైన పెట్టింది. రొట్టె అవ్వకి అప్పగించింది. ఏ కాటు ఎవరిదో మర్చిపోవద్దని చెప్పబోతే, చిన్నది పిట్టది, పెద్దది మొండిదానిది, ఆమాత్రం తెలీదా అంది అవ్వ.

రాజధాని దాకా బస్సు. అక్కణ్ణుంచి సరిహద్దు దాకా ఇంకో బస్సు. సోనున్ కిటికీ పక్క సీట్లో తల పైకెత్తి కూర్చుని, మేఘాల్లో గుంపు కనబడ్డప్పుడల్లా డ్రైవరుకి చెప్పేది. అతను వేగం పెంచేవాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

సరిహద్దు దగ్గర నది మీద వంతెన, దాని పక్కన వరస. అవతలి దేశపు కజక్ అధికారి ఆవిడ గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పాడు. కుర్రవాడు, మీసం సరిగా రాలేదు. ఏం పని మీద వెళ్తున్నారమ్మా అని అడిగాడు.

"కూతురితో వెళ్తున్నాను."

"కూతురేది?"

సోనున్ పైకి చూపించింది. అతను అద్దాల గదిలోంచి తల బయటపెట్టి చూశాడు. తెల్లటి గీత ఒకటి నది దాటుతోంది. మధ్యలో ఒక హంస మిగతావాటికంటే కిందుగా, కాస్త నిదానంగా వెళ్తోంది.

అతను ఆ సినిమా చూసినట్టున్నాడు. కార్డు చేతిలోనే పెట్టుకున్నాడు.

"సినిమాలో వాళ్ళమ్మ రాదు కదా," అన్నాడు.

"పుస్తకంలోనూ రాదు," అంది సోనున్.

అతను ఒక చీటీ మీద ముద్ర వేసి, కార్డుతో పాటు ఇచ్చేశాడు. వంతెన దారికి అడ్డంగా నిలబడ్డ ఇద్దర్ని పక్కకి జరగమన్నాడు.