దండెం ఎత్తు

"పని చేసే చేతికి నొప్పి తెలియదమ్మా" అంది మా అత్తయ్య, తడి దుప్పటి దండెం మీదికి విసరబోయి నేను మధ్యలో ఆగిపోతే. మాది లాడ్జీల దుప్పట్లు ఉతికిచ్చే ఇల్లు. వ్యాపారం మా ఆయనది, చాకిరీ నాది. దండెం ఆయన ఎత్తుకి కట్టారు. మునివేళ్ళ మీద లేస్తే గానీ నాకందదు. పదో తరగతి మధ్యలో మానిపించి పెళ్ళి చేస్తే ఈ ఇంటికొచ్చాను. వచ్చిన కొత్తలోనే, కాస్త కిందికి దించండి అని అడిగాను. దించితే దుప్పట్లు నేల ఊడుస్తాయి, నీకోసం లాడ్జీవాళ్ళు మంచాలు పొట్టివి చేయించుకుంటారా అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వే ఇప్పటికీ మంట నాకు.

పోను పోను జడ వేసుకోవడానికి కుడిచెయ్యి వెనక్కి పోయేది కాదు. ఆ పక్కకి ఒత్తిగిలితే ప్రాణం పోయేది. అయినా ఓర్చుకున్నాను. ఒకరోజు పాపని మంచం మీంచి ఎత్తుతుంటే చెయ్యి నా మాట వినలేదు, పాప జారిపోయింది. పరుపు మీదే పడింది కాబట్టి సరిపోయింది. అదే గట్టు మీదైతే? మెట్ల మీదైతే? అప్పట్నుంచి నా బిడ్డని ఎత్తుకోవాలంటే నాకే వణుకు.

భుజంలో ఎముకని పట్టి ఉంచే కండరం తెగిందని స్కానింగులో తేలింది. చిన్న చిన్న కంతలు పెట్టి లోపల కుట్టాలంది డాక్టరమ్మ. దండెం సంగతి చెబితే, బరువులు తల మీదికెత్తీ ఎత్తీ అరిగిందంది. "ఆ తాడు దించడానికి ఎంతసేపు పడుతుందండీ?" అని ఆయన్నే సూటిగా అడిగింది. ఆయన మొహం మాడిపోయింది. మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు. కోసిన భుజం మళ్ళీ లేవగా చూళ్ళేదు, నా మాట రాసిపెట్టుకోండి అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పారు. పాప కోసం నేను మొండికేశాను. సంతకం నేనే పెట్టుకున్నాను.

ఆపరేషనయ్యాక నా చెయ్యి మెడకి కట్టిన పట్టీలో పడుకుంది. మనిషిని పెట్టుకోవడానికి ఆయనకి మనసొప్పలేదు, తనే ఆరేయడం మొదలెట్టారు. వారం తిరక్కుండా భుజాలు పట్టేశాయి. ఒక పొద్దున కిటికీలోంచి చూద్దును కదా, దండెం ఆయన ఛాతీ దగ్గరికి దిగి ఉంది. దుప్పట్లు రెండు మడతలేసి ఆరేశారు. ఒక్కటీ నేలకి తగల్లేదు. "ఎంతైనా వాడి బుర్రే బుర్ర" అని అత్తయ్య మురిసిపోయింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఏడుపు కూడా రాలేదు. వంటగది తలుపు వేసుకుని, నేర్పిన కసరత్తు ప్రకారం గోడ మీద వేళ్ళని పైపైకి పాకించాను. రోజూ పాకించాను. తలుపు తీసేముందు రోజూ పట్టీ తగిలించుకున్నాను.

ఇవాళ డాక్టరమ్మ చెయ్యెత్తమంది. చెవి పక్కగా నిటారుగా లేచింది. ఇక అన్ని పనులూ చేసుకోవచ్చంది. పాపని కూడానా అని అడిగాను. పాపనే ముందు అని నవ్వింది. నేను పట్టీ మళ్ళీ మెడకి వేసుకుని బయటికొచ్చాను. ఆయన ఒళ్ళో పాప గింజుకుంటోంది.

"పనిలోకి ఎప్పుడు దిగొచ్చంది?"

"మీరన్నదే నిజమైందండీ. భుజం దాటి ఇక లేవదట."

నేను చెప్పలేదా అన్నట్టు ఆయన కళ్ళల్లో ఒక్క క్షణం గర్వం మెరిసింది. తన మాటే కదా, ఎలా కాదంటారు? ఆ తర్వాతే మొహం వాడింది.

సాయంత్రం దుప్పట్లు ఆరేసొచ్చి, అబ్బా అంటూ భుజం పట్టుకుని కూలబడ్డారు. ఎడం చేత్తో నొప్పుల తైలం సీసా అందించాను.

"పని చేసే చేతికి నొప్పి తెలియదు కదూ, అత్తయ్యా?"



వంటగది తలుపు వేసి, పట్టీ తీసి, పాపని రెండు చేతులా తల మీదికెత్తాను. కిలకిలా నవ్వింది. ఆ నవ్వు వింటే బయటివాళ్ళకేం తెలుస్తుంది? దానికి మాటలు రావడానికి ఇంకా చాలా టైముంది.