పై వీధి ఖాళీ చేయించిన ఏడాది

ఆమె పంచాయతీ ప్రెసిడెంటు కాకముందు ఊరందరికీ బట్టలు కుట్టే మనిషి. భర్త పోయాక ఆ మిషనే ఆమెను నిలబెట్టింది. ఎన్నికల్లో నిలబడమని చెవినిల్లు కట్టుకుని పోరినవాడు ఆమె అన్న. అతను తాపీ మేస్త్రి. "నువ్వు నామినేషన్ వెయ్ చెల్లెమ్మా, వెనకాల నేనున్నాను కదా" అన్నాడు. అన్నట్టే ఉన్నాడు. సున్నం మరకల చొక్కాతోనే ఇంటింటికీ తిరిగి ఓట్లడిగాడు. గెలిచిన రోజు చెల్లెల్ని కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీ కోడు ఊగుతోందని మళ్లీ లేపి, కింద చెక్కముక్క పెట్టి అప్పుడు కూర్చోనిచ్చాడు.

ఆ ఏడాది పంచాయతీ ముందున్న మొదటి పని కొండకు గోడ కట్టడం. పై వీధి అంటే కొండ వాలును ఆనుకుని ఉన్న ఒకే వరస ఇళ్లు. పెరటి తలుపు తీసి చెయ్యి చాపితే కొండ తగులుతుంది. అంతకుముందు వానాకాలం మట్టి జారి అక్కడ రెండు పశువుల కొట్టాలు పూడిపోయాయి. ఆ వీధి మధ్యలోనే అన్న ఇల్లు. ఆమె పుట్టింది కూడా ఆ ఇంట్లోనే. తండ్రి అన్న దగ్గరే ఉండేవాడు. ఆయనకు ఒక కాలూ ఒక చెయ్యీ పడిపోయాయి గానీ నోరు మాత్రం చక్కగా పనిచేసేది.

ఎండాకాలమంతా గోడ కట్టారు. తాపీ పని అన్నదే, రాళ్లు మోసింది ఊరు. పంచాయతీ మెంబర్లు కూడా చేతులు వేశారు. పిండిమర ఆయన వైస్ ప్రెసిడెంటు. పెద్ద పొట్ట. ఒక రాయి మోసి ఒక గంట కూర్చునేవాడు. తండ్రిని పెరటి గుమ్మంలో కుర్చీలో కూర్చోబెడితే, అక్కడినుంచే కేకలేసేవాడు.

"ఒరేయ్, ఆ రాయి తిరగేసి పెట్టరా! దాని మొహం అటుంది!"

"రాయికి మొహమేంటి నాన్నా?"

"నీకున్నదాని కన్నా బాగుంది, పెట్టు."

ఊరంతా నవ్వింది. గోడ పూర్తయిన రోజు అన్న దాని పొడుగునా నడిచి, అరచేత్తో తట్టుకుంటూ వెళ్లాడు. బతుకంతా ఊళ్లో వాళ్ల గోడలు కట్టినవాడు, ఊరి కోసం కట్టిన గోడ అదొక్కటే. ఆమె దూరంగా నిలబడి చూసింది. ఇంతకన్నా ఈ పదవి దేనికి అనుకుంది.

తర్వాత కొద్ది రోజులకు తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ పైకెక్కిన ఒకతను, గోడకు చాలా పైన నేల చీలి ఉండటం చూశాడు. చెయ్యి దూరేంత చీలిక. వాలు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు పాకి ఉంది. ఆమె వెళ్లి చూసింది. అందులో ఒక గులకరాయి వేస్తే అడుగున పడిన చప్పుడు వినపడలేదు.

పెద్దాఫీసుకు కబురు పంపితే ఒక సర్వే ఆఫీసరు వచ్చాడు. పొద్దున ఎక్కినవాడు మధ్యాహ్నం దిగాడు. పంచాయతీ గదిలో మంచినీళ్లు తాగి, అందరి ముందూ చెప్పాడు.

"గోడ బాగా కట్టారు. తప్పు పట్టడానికి లేదు. కానీ ఇక్కడ జారుతున్నది పైమట్టి కాదు, వాలు మొత్తం కదులుతోంది. వచ్చిందంటే గోడతో సహా వస్తుంది. వీధి ఖాళీ చేయించండి."

"ఎప్పుడొస్తుంది సార్?" అని అడిగాడు పిండిమర ఆయన.

"చెప్పలేం. వానలకు రావచ్చు. వానలు పోయాక నీరు లోపలికి దిగి రావచ్చు. చాలా ఏళ్లు రాకనూ పోవచ్చు."

ఆ చివరి ముక్క ఒక్కటే ఊరు చెవిన పెట్టుకుంది.

ఖాళీ చేయించాలని పంచాయతీ తీర్మానించింది. దిగువన సంత జరిగే రేకుల షెడ్డును టార్పాలిన్లతో గదులు గదులుగా కట్టించారు. దానవతల చదునైన నేలలో ఇళ్ల స్థలాలు ఇప్పించమని పెద్దాఫీసు చుట్టూ ఆమె కాళ్లు అరిగేలా తిరిగింది. పై వీధి నుంచి మాత్రం ఒక్క ఇల్లు కదల్లేదు. ప్రతి గుమ్మంలోనూ నిలబడి బతిమాలింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: "మీ అన్నయ్య కదిలితే మేమూ కదులుతాం."

అన్న వాకిట్లో మంచం అల్లుతున్నాడు. తలెత్తలేదు.

"నా గోడ మీద నమ్మకం లేదా నీకు?"

"గోడ గురించి కాదన్నయ్యా. గోడ కింద నేలే కదులుతోందట."

"ఎవడో పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం వెళ్లిపోయినవాడు చెప్పాడు. నేను ఈ కొండ పక్కన పుట్టాను. నువ్వూ పుట్టావు. కుర్చీ ఎక్కాక మర్చిపోయావు."

వదిన లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇస్తూ, భర్తకు వినపడకుండా, "నాకూ భయంగానే ఉందమ్మాయ్. కానీ నా మాట వినడు" అంది.

వానలు మొదలయ్యాయి. చీలికలో ఇప్పుడు మనిషి పడతాడు. ఆమె రోజూ గొడుగేసుకుని ఎక్కి చూసి, తడిసిన బట్టలతోనే వచ్చి మిషను ముందు కూర్చునేది. ఒక పొద్దున నీళ్లు వదిలే మనిషిని పిలిచింది. అతను తక్కువ మాటల మనిషి, ఊరందరూ అతన్ని వాల్వు అనే పిలుస్తారు.

"పై వీధి లైను కట్టెయ్."

వాల్వు ఆమె మొహం చూశాడు. "పెద్దాయన ఉన్నాడు కదమ్మా అక్కడ."

"అందుకే. కట్టెయ్. కరెంటు వాళ్లకూ చెప్పాను."

పై వీధి వాళ్లు ఆమె మీద దుమ్మెత్తి పోశారు. పుట్టింటికి నీళ్లాపిన ఆడదని ముక్కున వేలేసుకున్నారు. వాన నీళ్లు పట్టుకుని కొన్నాళ్లు మొండికేశారు. చివరికి పిల్లలున్న ఇళ్లు ముందు దిగాయి, తర్వాత మిగతావి. ఆఖరున అన్న దిగాడు. తండ్రిని మంచం మీదే మోసుకురావాల్సి వచ్చింది. నలుగురు కావాలి, ముగ్గురే ఉన్నారు. ఆమె వెళ్లి నాలుగో కోడు పట్టుకుంది. అన్న వద్దనలేదు, పలకరించనూ లేదు. దారంతా జారుడు. తండ్రి మొహం మీద వాన పడకుండా వదిన పక్కన గొడుగు పట్టుకుని నడిచింది.

"ఏమర్రా, ఇంకా బతికే ఉన్నాను, అంత మెల్లగా మోస్తారేం?" అన్నాడు తండ్రి. ఎవరూ నవ్వలేదు.

షెడ్డులో రేకుల మీద వాన పడితే పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడదు. టార్పాలిన్ అంచుల కింద నుంచి చలిగాలి కొట్టేది. నేల ఎప్పుడూ చెమ్మే. ఆమె తండ్రిని తన ఇంటికి తీసుకెళ్తానంది. "అందరికీ షెడ్డు, మా నాన్నకు మాత్రం ప్రెసిడెంటు ఇల్లా? ఊరు ఏమనుకుంటుంది?" అన్నాడు అన్న. అందులో కొంత రోషం, కొంత న్యాయం. ఆమె ఒక్కతే ఇంటికి వెళ్లింది. ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి ఇచ్చింది. చిరుగుల బొంత ఒకటి రెండు పొరలుగా కుట్టి కప్పింది.

తండ్రికి దగ్గు పట్టుకుంది. మొదట దగ్గు మీద కూడా జోకులు వేశాడు. తర్వాత మాట తగ్గింది. డాక్టరు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాడు. వాగు పొంగి దారి తెగింది. రెండో రోజు దారి తెరుచుకుంది గానీ అప్పటికి ఆయన లేడు.

పోయే ముందు ఆమె చెయ్యి పట్టుకుని, "ఇంటికి ఎప్పుడు వెళ్దాం చిట్టీ?" అని అడిగాడు. తండ్రి ఆమెను అలా పిలిచి చాలా ఏళ్లయింది. "వాన తగ్గనీ నాన్నా" అంది.

దహనం అయ్యాక అన్న అందరి ముందూ అన్నాడు: "నాన్నని కొండ చంపలేదు. నువ్వు చంపావు."

ఆమె తల వంచుకుని నిలబడింది. జవాబు లేక కాదు. ఉన్న జవాబు మీద తనకే సరిగ్గా నమ్మకం లేక.

వానలు వెనకబట్టాయి. కొండ అక్కడే ఉంది. ఎండ కాసింది, వాలు మీద గడ్డి పచ్చగా మెరిసింది, గోడ మీద పిచ్చుకలు వాలాయి. ఆమె వీధిలో నడుస్తుంటే అరుగుల మీది నుంచి మాటలు వినపడేవి.

"ఏం ప్రెసిడెంటమ్మా, కొండ ఇంకా నిద్ర లేవలేదా?"

"లేపడానికి మళ్లీ ఆఫీసరు రావాలేమో!"

జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు పక్క ఊరికి పోవడం మొదలుపెట్టారు. ఇళ్ల స్థలాల సంగతి పెద్దాఫీసులో ఇదిగో అదిగో అంటూనే ఉంది. షెడ్డులో పిల్లలకు గజ్జి లేచింది. అన్నం వండుకునే పొగ, మురుగు వాసన, రోజూ పోట్లాటలు. ఆమెకే ఆ షెడ్డులోకి అడుగు పెట్టాలంటే సిగ్గుగా ఉండేది.

ఏడాది చివరి మీటింగుకు పై వీధి అంతా వచ్చి గది బయట నిలబడింది. అన్న కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. పిండిమర ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీ మీద కోపంతో కాదు. జనం అలిసిపోయారు. వానలు పోయాయి. నీళ్లిస్తే వాళ్ల ఇళ్లకు వాళ్లు పోతారు. వచ్చే వానల్లోపు స్థలాలు వస్తే అప్పుడు చూద్దాం."

"వానలు పోయాక కూడా రావచ్చని ఆఫీసరు చెప్పాడు కదండీ."

"అన్నీ చెప్పాడమ్మా. ఏదీ ఖాయంగా చెప్పలేదు."

చేతులెత్తమన్నారు. ఒక్కొక్కటే లేచాయి. ఆమె చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంది. మిగిలినవన్నీ లేచాయి.

మర్నాడు వాల్వు ఆమె గుమ్మం ముందు వచ్చి కూర్చున్నాడు. "తీర్మానం సంగతి నాకు తెలియదమ్మా. కట్టమన్నది మీరు. మీరు చెబితేనే తిప్పుతాను."

ఆ క్షణాన ఆమె వద్దని ఉంటే అతను తిప్పేవాడు కాదు. ఇంకో మీటింగు, ఇంకో గొడవ, ఇంకొన్నాళ్లు గడిచేవి. ఆమెకు తండ్రి చెయ్యి గుర్తొచ్చింది. చన్నీళ్లలో నానినట్టుండే చెయ్యి. నిజానికి ఆ ఎండలో, ఆ పచ్చని గడ్డి చూశాక, కొండ ఇక రాదేమో అని ఆమెకూ అనిపించింది. అందరూ తప్పు, తానొక్కతే ఒప్పు అనుకుని బతకడానికి ఇక ఓపిక మిగల్లేదు.

"వదిలెయ్" అంది.

పై వీధికి నీళ్లూ కరెంటూ వచ్చాయి. తలుపులు తెరుచుకున్నాయి, బూజులు దులిపారు. కొన్నాళ్లు ఏమీ కాలేదు. అన్న చెల్లెలితో మాట్లాడలేదు గానీ, ఒకరోజు బజార్లో ఎదురుపడి, "నాన్న గది గోడ పెచ్చులూడింది. మళ్లీ పూస్తున్నాను" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. ఆ మాత్రం మాటకే ఆమె ఇంటికొచ్చి ఏడ్చింది. ఇక అన్నీ సర్దుకుంటాయనుకుంది.

కొండ మధ్యాహ్నం పూట వచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆమె మిషను ముందు ఉంది. ముందు లారీ ఏదో రాళ్లు దింపుతున్న చప్పుడనుకుంది. చప్పుడు ఆగలేదు. బయటికొచ్చి చూస్తే పై వీధి ఉన్నచోట ఎర్రటి దుమ్ము లేచి నిలబడి ఉంది. ఊరు ఊరంతా ఒకే అరుపు అరిచి, అటు పరుగెత్తింది.

పగటివేళ కాబట్టి చాలామంది పనుల్లో ఉన్నారు, పిల్లలు బళ్లో ఉన్నారు. అందుకే ముగ్గురే పోయారు. చివరింటి వడ్రంగి దంపతులు, ఆమె అన్న. వదిన బట్టలుతకడానికి వాగుకు వెళ్లింది.

పారలతో, గునపాలతో, ఆఖరికి కంచాలతో తవ్వారు. ఆమె చేతులతో తవ్వింది. పొద్దు వాలేముందు అన్న దొరికాడు. మణికట్టు దాకా సిమెంటు అంటిన చెయ్యి ముందు కనిపించింది. ఆ సిమెంటు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎవరో ఆమెను పక్కకు లాగబోతే విదిలించుకుని, చీర కొంగుతో అతని మొహం మీద మట్టి తుడిచింది. ఎంత తుడిచినా పోలేదు. వదిన మట్టి దిబ్బ అంచున కూలబడి, అటూ ఇటూ ఊగుతూ చూసింది.

అప్పుడు మొదలైంది అసలు మాట. నిన్నటిదాకా ఎగతాళి చేసినవాళ్లే అన్నారు: "తెలిసి తెలిసి నీళ్లెందుకు వదిలించింది?" "ప్రెసిడెంటు కదా, గట్టిగా నిలబడొద్దూ?" చేతులెత్తినవాళ్లలో ఒక్కరు కూడా తానెత్తానని అనలేదు. పిండిమర ఆయన మాత్రం ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆమె రాజీనామా రాసి పట్టుకెళ్తే తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ కుర్చీ ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. మూడు చావులు కాగానే ఇళ్ల స్థలాలు మాత్రం వారంలో వచ్చేశాయి.

షెడ్డు అవతలి చదును నేల మీద సున్నంతో గీతలు గీశారు. పంచాయతీ కొత్త పని ఇదే: గీతల వెంట కాలవ తవ్వి నీళ్ల పైపు వెయ్యడం. ఆమె రోజూ పొద్దున్నే వచ్చి అందరితో పాటు మట్టి ఎత్తేది. ఆమె పక్కన ఎవరూ తట్ట పట్టేవారు కారు. ఒక పొద్దున వదిన వచ్చింది. అన్న పోయిన దగ్గర్నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. చీర దోపుకుని, ఎదురుగా నిలబడి తట్ట అందుకుంది.

చాలాసేపు ఇద్దరూ మట్టి మోశారు. తర్వాత వదిన, ఆమె వైపు చూడకుండా అడిగింది.

"ఆ రోజు నువ్వు చెయ్యెత్తలేదట కదా. మీ అన్నయ్య చెప్పాడు."

"ఎత్తలేదు వదినా."

"మరి వదలమని ఎందుకు చెప్పావు?"

పార పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. ఏవేవో చెప్పొచ్చు. తీర్మానం అనొచ్చు, జనం అనొచ్చు, నాన్న అనొచ్చు.

"అలిసిపోయాను వదినా."

వదిన తల ఊపింది. క్షమించినట్టు కాదు, విన్నట్టు. తట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుని, గట్టు మీదికి నడుస్తూ, "ఒంటిదాన్ని, నాకు పెద్ద స్థలం ఎందుకు, ఆ మూలది రాయించు. పైపు మాత్రం లోపలికి రావాలి" అంది.

"సరే" అంది ఆమె. మళ్లీ పార నేలలో దింపింది.